పిసుకుడు పిల్లి, పిల్లిమీసం

మా ఊళ్ళో టార్చిలైటుని టార్చిలైటు అన్నవాణ్ణి నేను చూడలేదు. ‘బ్యాటరీ లైటు’ అనేవారు. అదీ పొడుగనిపిస్తే ఉత్త ‘బ్యాటరీ’ అనేవారు. రాత్రివేళ పొలానికి నీరు పెట్టడానికి బయలుదేరే మా తాతగారికి మొలలో చుట్టల పొట్లం, చేతిలో మూడు సెల్లుల బ్యాటరీ ఉండి తీరాలి. వెలుతురు ఎర్రబడటం మొదలవగానే ఆ సెల్లులు తీసి పెంకుల మీద ఎండకి పెట్టడం పిల్లల పని. సాయంత్రానికి వాటికి కాస్త ప్రాణం లేచి వచ్చేది. వేడికి లోపలి రసాయనచర్య కాసేపు చురుకెక్కడమే దీనికి కారణమనీ, సూర్యుడు సెల్లులోకి దిగి కూర్చోవడం కాదనీ కాలేజీలో చేరాకగాని తెలియలేదు. తెలిశాక కూడా ఎండకి పెట్టడం మానలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ రోజుల్లోనే మా మేనమామ తిరునాళ్ళలో సెల్లులు అక్కరలేని లైటొకటి కొని తెచ్చాడు. గుప్పిట్లో ఇమిడే డబ్బా, దాని పక్కన ఒక మీట. మీటని వేళ్ళతో నొక్కి వదిలి, నొక్కి వదిలి, అలా పిసుకుతున్నంతసేపూ ముందున్న చిన్న బల్బు వెలిగేది. ఆపితే మరుక్షణం ఆరిపోయేది. గిర్రుమని అది చేసే చప్పుడుకి మా అమ్మమ్మ, “ఆ పిల్లి గోల ఆపరా నాయనా, నిద్ర పట్టి చావటం లేదు” అని కసిరేది.

అమ్మమ్మకి డచ్చి భాష రాదు. హాలండులో అడుగు పెట్టలేదు. కాని ఆ దేశస్థులు సరిగ్గా ఆ వస్తువుకి పెట్టుకున్న పేరు ‘క్నెయ్‌ప్‌కాట్’. క్నెయ్‌ప్ అంటే పిసకడం, కాట్ అంటే పిల్లి. పిసుకుడు పిల్లి! చాలా ఏళ్ళ తరువాత ఈ మాట నా కంటబడ్డప్పుడు నవ్వుకున్నాను. ఆ పేరు పట్టుకుని చదువుకుంటూ పోయాక నవ్వు మిగల్లేదు. ఆ చదివిన దాన్ని మిత్రులతో పంచుకుందామని ఈ ప్రయత్నం.

ముందు సెల్లుల దీపం సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. కార్ల్ గాస్నర్ అనే జర్మను వైద్యుడు 1886లో ద్రవం ఒలకని పొడి సెల్లుకి పేటెంటు పొందాడు. చేత్తో పట్టుకు తిరిగే విద్యుద్దీపానికి అదే పునాది. డేవిడ్ మిసెల్ అనే ఆంగ్లేయుడు న్యూయార్కులో ఒక గొట్టంలో సెల్లులు వరసగా పేర్చి, ఒక కొసన బల్బూ అద్దమూ అమర్చి, 1899 జనవరిలో పేటెంటు తీసుకున్నాడు. ఆ హక్కు అతని యజమాని కాన్రాడ్ హ్యూబర్ట్‌కి దక్కింది. నేటికీ మన కిరాణా కొట్లలో కనిపించే ఎవరెడీ పేరుకి మూలపురుషుడు ఈయనే. హ్యూబర్ట్ అసలు పేరు అకిబా హోరోవిట్జ్. మిన్‌స్క్ ప్రాంతపు యూదుడు. 1891లో అమెరికాకి వలస వచ్చాడు. ఆనాటి కర్బనపు తీగ బల్బుకి విద్యుత్తు ఆకలి ఎక్కువ, ఆనాటి సెల్లుకి ఓపిక తక్కువ. కాసేపు వెలిగించి, ఆర్పి, సెల్లుకి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వాల్సివచ్చేది. అమెరికావాళ్ళు దాన్ని ‘ఫ్లాష్‌లైట్’, అనగా మెరుపుదీపం, అన్నది అందుకే. టంగ్‌స్టన్ తీగ వచ్చాకగాని ఆ మెరుపు నిలకడగల దీపం కాలేదు. 1928లో హ్యూబర్ట్ మరణించినప్పుడు ఆస్తిలో అధికభాగం దానధర్మాలకి రాసిపెట్టాడు.

అదే 1891లో, హాలండు దక్షిణభాగంలోని ఐండ్‌హోవెన్ అనే చిన్న పట్నంలో, ఫిలిప్స్ కుటుంబం బల్బుల కర్మాగారం స్థాపించింది. యాభయ్యేళ్ళు తిరిగేసరికి ఆ పట్నమంతా ఫిలిప్స్, ఫిలిప్స్ అంతా ఆ పట్నం. బల్బులే కాక రేడియోలు, రేడియో వాల్వులు ప్రపంచమంతటికీ పంపేవారు. 1940 మే 10న జర్మను సైన్యాలు నెదర్లాండ్స్ మీద పడ్డాయి. 14న రొటర్‌డామ్ నగరం నడిబొడ్డు బాంబులకి బూడిదయింది. ఆ రోజే డచ్చి సేనాని ఆయుధాలు దించాడు. ఫిలిప్స్ కుటుంబంలో పెద్దలు దేశం దాటిపోగా, వాళ్ళలో చిన్నవాడు ఫ్రిట్స్ ఫిలిప్స్ మాత్రం కర్మాగారంతోపాటు అక్కడే ఉండిపోయాడు. అప్పటికి అతనికి 35 ఏళ్ళు.

దాడి తరువాత వచ్చింది చీకటి. ఆకాశంలో తిరిగే ఆంగ్ల విమానాలకి ఊళ్ళ ఆనవాలు దొరక్కూడదని రాత్రిపూట వీధిదీపాలు ఆర్పేశారు, కిటికీలకి నల్లకాగితం అంటించమన్నారు. హాలండు నగరాలు కాలవల నగరాలు. ఆంస్టర్‌డామ్‌లో అమావాస్యనాడు దీపం లేకుండా నడవడమంటే ఏ అడుగు నీళ్ళలో పడుతుందో తెలియకుండా నడవడం. సెల్లులు బజారులో దొరకవు, దొరికినవి సైన్యానికి పోతాయి. అటువంటి వేళ 1943లో ఫిలిప్స్‌వారు 7424 అనే నంబరుతో చేతిడైనమో దీపాన్ని బజారులోకి తెచ్చారు. జనం దానికి ‘పిసుకుడు పిల్లి’ అని పేరు పెట్టుకున్నారు.

దాని లోపల ఉన్నది 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. అయస్కాంతం రాగితీగ చుట్ట దగ్గర కదిలితే తీగలో విద్యుత్తు పుడుతుంది. మీటని నొక్కితే పళ్ళచక్రాలు ఆ కదలికని ఎన్నో రెట్లు వేగవంతం చేసి అయస్కాంతాన్ని గిర్రున తిప్పుతాయి. వదిలితే స్ప్రింగు మీటని వెనక్కి తోస్తుంది. చక్రం మాత్రం తన జోరున తాను తిరుగుతూనే ఉంటుంది, మళ్ళీ నొక్కేదాకా వెలుగు పూర్తిగా చావకుండా. ఆ పళ్ళచక్రాల మూలుగే పిల్లి.

ఇక్కడ ఒక చిన్న తమాషా ఉంది. చిన్నప్పుడు మా లైటులో బల్బు వదులైనప్పుడు మీట వెన్నముద్దలా తేలిగ్గా కదిలేది. బల్బు బిగించగానే బరువెక్కేది. ఏదో తుప్పు అనుకునేవాణ్ణి. అది తుప్పు కాదు, లెంజ్ నియమం. పుట్టిన విద్యుత్తు తనని పుట్టించిన కదలికనే ఎదిరిస్తుంది. తీగలో కరెంటు పారుతున్నప్పుడే ఆ ఎదిరింపు. 1830లలో సెంట్ పీటర్స్‌బర్గ్ శాస్త్రవేత్త లెంజ్ చెప్పిన మాట అది. చెప్పొచ్చేదేమంటే, ఆ దీపంలో ఊరికే వచ్చే వెలుగు రవ్వంత కూడా లేదు. నాలుగు నిమిషాలు పిసికేసరికి అరచెయ్యి తిమ్మిరెక్కుతుంది. చెయ్యి మార్చుకోవాలి. అయినా కాలవగట్టు ఎక్కడుందో కనిపించాలంటే అంతకు మించి దారి లేదు.

ఇక నవ్వు మిగల్లేదన్న సంగతికి వస్తాను.

ఐండ్‌హోవెన్‌కి ఉత్తరాన, అట్టే దూరంలో లేని వుఖ్ట్ అనే చోట జర్మనులు నిర్బంధశిబిరం కట్టారు. 1943 జనవరిలో మొదటి బందీలు అక్కడికి చేరారు. శిబిరం లోపల ఒక పనికొట్టు పెట్టమని ఫిలిప్స్ మీద వత్తిడి వచ్చింది. కంపెనీవాళ్ళు తటపటాయించి, చివరికి కొన్ని షరతుల మీద ఒప్పుకున్నారు. బందీలకి పూటకి వేడివేడి భోజనం బయటినుంచి తామే పెడతామనీ, పనికొట్టు లోపలి వ్యవహారం తమవారి చేతుల్లోనే ఉండాలనీ ఆ షరతులు. ఆ పనివారి దళానికి ‘ఫిలిప్స్ కొమాండో’ అని పేరు. వాళ్ళు రేడియోలు బాగుచేశారు, వాల్వులు అమర్చారు. పిసుకుడు పిల్లులు కూడా తయారుచేశారు.

అంటే ఆంస్టర్‌డామ్ వీధిలో కర్ఫ్యూవేళ దాటకుండా ఇంటికి చేరాలని గబగబా నడుస్తూ ఎవరో గృహిణి పిసికిన దీపంలోని చక్రాన్ని ముళ్ళకంచె వెనకాల బందీ అయిన మరో స్త్రీ వేళ్ళు అమర్చి ఉండవచ్చు. కొన్నామెకి ఆ సంగతి తెలిసే వీలు లేదు.

శిబిరంలో ఆ పనికొట్టు ప్రాణదీపమైంది. ఫిలిప్స్ పనిలో ఉన్నవాళ్ళని దూరదేశపు రైళ్ళు ఎక్కించకుండా కొంతకాలం ఆపగలిగారు. వాళ్ళు లేకుంటే పని సాగదని అధికారుల్ని నమ్మించడమే కంపెనీ ఉపాయం. మిగిలినవారికి ఆ అండ లేదు. 1943 జూన్ మొదటివారంలో వుఖ్ట్ నుంచి సుమారు 1,300 మంది యూదుల పిల్లల్ని, తల్లినో తండ్రినో తోడిచ్చి, రైళ్ళు ఎక్కించారు. ఆ రైళ్ళ చివరి మజిలీ పోలండులోని సోబిబోర్. అక్కడ బందీలకి పని చెప్పే ఏర్పాటు దాదాపు లేదు. దిగినవాళ్ళని దిగినట్టే చంపేవారు.

ఆ జూన్‌లో ఫ్రిట్స్ ఫిలిప్స్ ఎక్కడున్నాడనుకున్నారు? అదే వుఖ్ట్ శిబిరంలో, బందీగా. ఆ వసంతంలో దేశవ్యాప్తంగా జరిగిన సమ్మెలో తన కర్మాగారం కూడా ఆగిపోయిన నేరానికి అతన్ని మే చివర పట్టుకుపోయి సెప్టెంబరు దాకా ఉంచారు.

అండ శాశ్వతం కాలేదు. 1944 జూన్ ఆరంభంలో ఫిలిప్స్ కొమాండోలోని 496 మంది యూదుల్ని ఆష్విట్జ్‌కి తరలించారు. అయితే రేడియో వాల్వుల పని తెలిసినవాళ్ళు కావాలని జర్మను కంపెనీ టెలిఫుంకెన్ వాళ్ళలో చాలామందిని రైహెన్‌బాఖ్ అనే చోటి తన కర్మాగారానికి తీసుకుంది. సన్నటి తీగల్ని తెగకుండా పట్టుకోగల వేళ్ళే వాళ్ళని బతికించాయి. యుద్ధం ముగిసేనాటికి 382 మంది మిగిలారు. ఆ కారణంగానే 1990లలో యెరూషలేములోని యాద్ వషేమ్ సంస్థ ఫ్రిట్స్ ఫిలిప్స్‌ని ధర్మాత్ములైన అన్యుల జాబితాలో చేర్చింది. నూరేళ్ళు నిండాక 2005 డిసెంబరులో ఆయన కన్నుమూశాడు.

ఇది పుణ్యకథ అని సరిపెట్టుకోవడం నాకు చేతకావడం లేదు. యుద్ధకాలమంతా ఆ కర్మాగారం ఆక్రమణదారుకి కూడా సరుకు చేసిపెట్టింది. ఆ కారణానే 1942 డిసెంబరు 6న ఆంగ్ల విమానాలు పట్టపగలు ఐండ్‌హోవెన్ మీద బాంబులు వేశాయి. వందమందికి పైగా పట్నవాసులు చచ్చిపోయారు, శత్రువు చేతిలో కాదు, మిత్రుల చేతిలో. పని ఆపితే పనివాళ్ళని జర్మనీకి తోలుకుపోతారు, చేస్తే శత్రువు బలపడతాడు. ఫిలిప్స్ చేసింది తప్పా ఒప్పా అని డచ్చి చరిత్రకారులు చర్చిస్తూనే వచ్చారు. భారతంలో భీష్ముడు సభలో ద్రౌపదికి ధర్మం సూక్ష్మమని చెప్పి తప్పుకున్నాడే, ఆ సూక్ష్మం ఏమిటో ఇటువంటి చోటే నాకు కాస్త అర్థమవుతుంది. కాని భీష్ముడు చూస్తూ కూర్చున్నాడు, ఈయన 382 మందిని మిగిల్చాడు. ఆ అంకెని పక్కనబెట్టి తీర్పు చెప్పడం నావల్ల కాదు.

వెలుగు కథ ఇలా ఉండగా, వినికిడి కథ ఇంకొకటి ఉంది. అందులోనూ ఒక పిల్లి ఉండటం కేవలం యాదృచ్ఛికం.

దేశం విడిచి లండను చేరిన డచ్చి ప్రభుత్వం 1940 జులై 28న బీబీసీ ద్వారా ‘రేడియో ఒరాన్యే’ ప్రసారాలు మొదలుపెట్టింది. మొదటిరోజున విల్‌హెల్మినా రాణి స్వయంగా మాట్లాడింది. అప్పటికే విదేశీ ప్రసారాలు వినడం నేరమని జర్మనులు ప్రకటించి ఉన్నారు. జనం విన్నారు. నేను ఇంతకుముందు చెప్పిన సమ్మె తరువాత, 1943 మేలో, రేడియో సెట్లన్నీ తెచ్చి అప్పగించాలని ఆజ్ఞ వేశారు. లక్షలాది సెట్లు అప్పగించారు. గడుసువాళ్ళు అటకమీది పాడుబడ్డ పెట్టెని అప్పగించి, పనిచేసేదాన్ని నేలబల్లల కింద దాచారు.

ఆ రెండూ కుదరనివారు తయారుచేసుకున్నదే క్రిస్టల్ రేడియో. తీగచుట్ట, ఒక స్ఫటికం, చెవికి పెట్టుకునే ఇయర్‌ఫోను, ఆరుబయట వీలైనంత పొడుగు తీగ, నీళ్ళగొట్టానికి కట్టిన మరో తీగ. అంతే! సెల్లు లేదు, కరెంటు లేదు, పిసికే పని కూడా లేదు. దూరాన ప్రసారకేంద్రం ఆకాశంలోకి వెదజల్లిన శక్తిలో తన తీగకి తగిలిన అణువంత పాలుతోనే అది చెవిలో మాట్లాడుతుంది. ఆ స్ఫటికం ముఖ్యంగా గలీనా, అనగా సీసపు ముడిరాయి. మన పల్నాటి అగ్నిగుండాల దగ్గర బండలమొట్టులో ఒకప్పుడు తవ్వి తీసింది ఈ రాయే. తళతళలాడే ఆ రాయి మీద సన్నటి లోహపుతీగ మొనని ఆనించి, అటూ ఇటూ కదుపుతూ, సరైన చోటు కోసం వెతకాలి. ఆ చోట విద్యుత్తు ఒక దిక్కుకే సులువుగా పారుతుంది; మోతని మోసుకొచ్చిన తరంగంలోంచి మాట విడివడుతుంది. ఆ సన్నతీగకి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన ముద్దుపేరు పిల్లిమీసం.

గలీనా రాతిని ఇలా తరంగాలు పట్టడానికి వాడే ఉపాయాన్ని పేటెంటుకి ఎక్కించినవాడు మన జగదీశ్ చంద్ర బోసు. విజ్ఞానాన్ని అమ్మకానికి పెట్టడం ఇష్టంలేని ఆ మనిషిని, వివేకానందుని అమెరికన్ శిష్యురాలు సారా బుల్ నచ్చజెప్పి ఒప్పించగా 1901లో దరఖాస్తు పెట్టారు. 1904లో అమెరికా పేటెంటు వచ్చింది. దానిమీద డబ్బు చేసుకునే ధ్యాస ఆయనకి ఎన్నడూ లేదు. కలకత్తా ప్రయోగశాలలోని ఆ రాయి నలభయ్యేళ్ళ తరువాత ఆంస్టర్‌డామ్ అటకల మీద, అగ్గిపెట్టెల్లో, పుస్తకాల బోలులో దాక్కుని లండను మాట వినిపించింది. ఈ సంగతి బోసుగారికి తెలియదు. ఆయన 1937లోనే వెళ్ళిపోయారు.

1944 సెప్టెంబరు 17న మిత్రసైన్యాలు హాలండులో పారాచూట్లతో దిగాయి. ఆనాడే రైల్వే కార్మికులు సమ్మెకి దిగాలని లండను నుంచి రేడియోలో పిలుపు వచ్చింది. వేలాదిమంది పని ఆపి అజ్ఞాతంలోకి వెళ్ళారు. మర్నాడు ఐండ్‌హోవెన్ విముక్తమైంది. కాని ఆర్న్‌హెమ్ వంతెన దగ్గర మిత్రసైన్యం ఓడిపోయింది. దేశం రెండు ముక్కలయింది. పిసుకుడు పిల్లులు పుట్టిన ఊరు వెలుగులో పడింది. వాటితో ఎక్కువ అక్కర ఉన్న పడమటి నగరాలు చీకట్లో మిగిలిపోయాయి.

సమ్మెకి ప్రతీకారంగా జర్మనులు పడమటికి తిండిరవాణా ఆపారు. దక్షిణాది గనుల బొగ్గు రాదు కనుక ఆంస్టర్‌డామ్ ఇళ్ళకి అక్టోబరులో కరెంటు నిలిచిపోయింది. గ్యాసూ పోయింది. తరువాత కాలవలు గడ్డకట్టాయి. జనం తులిప్ దుంపలు ఉడకబెట్టుకు తిన్నారు. ఆ ‘ఆకలి శీతాకాలం’లో సుమారు 20,000 మంది చనిపోయారని అంచనా.

నేలబల్లల కింద దాచిన రేడియోలు ఇప్పుడు ఉత్త పెట్టెలు, కరెంటు లేదు కదా! బతికి ఉన్నవి పిల్లిమీసాలే. అవి కూడా లండను దాకా చెవి సాచనక్కర లేకపోయింది. అక్టోబరులోనే విముక్తమైన ఐండ్‌హోవెన్ నుంచి ‘తిరిగి లేస్తున్న నెదర్లాండ్స్’ అనే పేరుతో ఒక కొత్త కేంద్రం మాట్లాడటం మొదలుపెట్టింది. ఇక వెలుగుకైతే, నీళ్ళమీద కాస్త నూనె పోసి తేలే వత్తి వెలిగించారు. కొన్ని ఇళ్ళలో సైకిలుని నడిగదిలో నిలబెట్టి, వంతులవారీగా ఒకరు తొక్కుతుంటే దాని డైనమో దీపం కింద మిగిలినవాళ్ళు చదువుకునేవారు, బట్టలు కుట్టుకునేవారు. ఇక్కడ లెంజ్ నియమం మళ్ళీ గుర్తొస్తుంది నాకు. రోజుకి రెండు రొట్టెముక్కలు కూడా దక్కనివాడి కాళ్ళనుంచి వచ్చిన వెలుగు అది. ఆ వెలుగులో ఏ పుస్తకాలు చదివారో!

ఇటువంటి పరికరాలు అంతకుముందూ ఉన్నాయి, తరువాతా వచ్చాయి. ఆస్ట్రేలియా ఎడారిపల్లెల నుంచి ఎగిరే డాక్టరుని పిలవడానికి ఆల్‌ఫ్రెడ్ ట్రేగర్ 1929లో కాళ్ళతో తొక్కే రేడియో చేశాడు. ఆఫ్రికాలో ఎయిడ్స్ గురించిన టీవీ కార్యక్రమం చూసి ట్రెవర్ బేలిస్ 1991లో గడియారంలా కీ ఇచ్చే రేడియో ఊహించాడు. ఆయన 2018లో పోయాడు. వాటి కథలు వినసొంపైనవే, మరెప్పుడైనా. నా మనసు మాత్రం హాలండు దాటి రావడం లేదు.

1945 మే 5న ఆ దేశపు చీకటి తొలగింది. వుఖ్ట్ శిబిరంలో కొంతభాగం నేడు స్మారకచిహ్నం. పిసుకుడు పిల్లుల్ని పాత వస్తువులు సేకరించేవారు ఇప్పటికీ అపురూపంగా దాచుకుంటారు. చాలావాటికి మీట ఇంకా పనిచేస్తుందట.

మా మేనమామ తెచ్చినదాని మీట ఏ వేసవిలోనో విరిగింది. డబ్బా చాలాకాలం గూట్లో ఉండేది, ఇల్లు మారినప్పుడు పోయింది. దాని మీద ఏ దేశపు పేరు ఉండేదో ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. మీలో ఎవరింట్లోనైనా అటువంటిది ఉండి ఉంటే, దాన్ని మీ వైపు ఏమని పిలిచేవారో తెలియజెయ్యండి. అమ్మమ్మ పెట్టిన పేరు కాక ఇంకొకటి ఉందేమో చూద్దాం.